మంచము, బీరువా కొనునప్పుడు రైతు ఎరుగవలసిన హక్కులు

ఆనందపురము ప్రాంతమునుండి పూలును, కూరగాయలును విశాఖపట్టణమునకు పోవుచుండ, మంచములు, బీరువాలు, కుర్చీలు ఆ పట్టణపు దుకాణములనుండి మన యిండ్లకు వచ్చుచున్నవి. కుమార్తెకు సారె పెట్టునప్పుడు ఒక పంట రాబడి యంతయు ఈ సామానునకే వెచ్చించువారు కలరు. విత్తనములు కొనునప్పుడు రశీదును, గడువు తేదీని అడుగు రైతు, అంతకంటె నెక్కువ సొమ్ముపెట్టి మంచము కొనునప్పుడు దుకాణదారుని నోటిమాటతోనే తృప్తి చెందుచున్నాడు. ఇది నష్టదాయకమైన యలవాటు. నోటిమాట రశీదుపైకి ఎక్కిన గాని దానికి బలము రాదు.

సరకును పరీక్షించుట

'టేకు' అను మాటకు దుకాణములలో పలు అర్థములు కలవు. మొత్తము టేకుకర్రతో చేసినది యొకటి. చౌక పలకపై పలుచని టేకు పొర నతికించినది వేరొకటి. టేకు రంగు మాత్రమే పూసినది మరియొకటి. పాలిషు ఈ మూడింటిని ఒకే తీరున చూపును. కావున పాలిషు లేని తావులను చూడవలెను. సొరుగు వెనుక భాగమును, మంచపు పట్టె అడుగును, పలకల అంచులను తడవి చూడుడు. రంపపు పొట్టును జిగురుతో నదిమి చేసిన పలక అంచున కర్ర గీతలుండవు; అట్టి పలక తడి తగిలిన నుబ్బును. సముద్రపు గాలి వీచు మన జిల్లాలో నిది ముఖ్యముగా గమనింపదగినది. టేకులోనైనను నడిమి చేవకే మన్నిక. చుట్టునుండు తెల్లచెక్కను పురుగు తొలుచును.

రశీదు

కర్ర పేరు, అది మొత్తము కర్రయో పైపొరయో, కొలతలు, ధర, ఇచ్చిన బయానా, ఇంటికి చేర్చు తేదీ, పూచీకాలము, ఇవన్నియు రశీదుపై వ్రాయించవలెను. 1930 సంవత్సరపు వస్తువిక్రయ చట్టము ప్రకారము సరకు చెప్పిన వర్ణనకు సరిపోవలెను. ముందుగా చూడని సరకును పరీక్షించుటకు తగిన అవకాశము దొరకువరకు కొనువాడు దానిని అంగీకరించినట్లు కాదు. కావున బండి దిగిన సామానును చూడకయే 'సరిగా ముట్టినది' అని చేవ్రాలు చేయరాదు.

చట్టమిచ్చు రక్షణ

2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. రశీదు నిరాకరించుట దీని ప్రకారము అన్యాయ వ్యాపారపద్ధతి. లోపముగల సరకును రశీదులో చెప్పిన గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోపల, వాపసు తీసికొని సొమ్ము తిరిగి యీయకుండుటయు నట్టిదే. అయితే మనసు మారినంత మాత్రమున సరకు తిరిగి యిచ్చు హక్కు దీనివలన కలుగదు, లోపముండవలెను. వాయిదాలపై కొన్నవాడును వినియోగదారుడే. కొన్నవారి సమ్మతితో ఆ వస్తువును వాడుకొనువారును అట్టివారే. అనగా తండ్రి కొనియిచ్చిన మంచమును గూర్చి, అత్తవారింటనున్న కుమార్తె తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును.

ఫిర్యాదు చేయు విధము

మొదట దుకాణమునకు జాబు వ్రాసి, ప్రతిని దాచుకొనవలెను. పరిష్కారము కానిచో 1915 అను జాతీయ సహాయ నంబరుకు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. అప్పటికిని ఫలింపనిచో జిల్లా వినియోగదారుల కమీషను కలదు. చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమమును లేదు. వ్యాజ్యకారణము కలిగిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. లోపమును సవరించుటకో, క్రొత్తది యిచ్చుటకో, సొమ్ము వాపసు చేయుటకో, నష్టపరిహార మిచ్చుటకో కమీషను ఆజ్ఞాపింపగలదు.

రైతుకు ఈ హక్కులెక్కడివని సందేహింప నక్కరలేదు. నాసి విత్తనములవలన నష్టపడిన ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థపై తెచ్చిన వ్యాజ్యములలో, రైతు వినియోగదారుడేయని సుప్రీముకోర్టు 2012లో తీర్పు చెప్పినది. ఉన్న విత్తనమంతయు చల్లిన రైతువద్ద పరీక్షకు మిగులునది లేకున్నను, వారికి న్యాయము జరిగినది. మంచమైనచో మన కన్నులయెదుటనే యుండును. కావున లోపము కనబడిన వెంటనే ఛాయాచిత్రములు తీయించి, దుకాణమువారు చూచువరకు వేరొక వడ్రంగిచే బాగుచేయింపక అట్లే యుంచవలెను.

సభ్యులారా! విత్తన రశీదులుంచు సంచిలోనే మంచపు రశీదును కూడ భద్రపరచుడు. సొమ్ము మన చేతినుండి జారకమునుపు అడుగు ఒక్క ప్రశ్న, పిమ్మట చేయు పది ఫిర్యాదులకంటె మేలు.