పేడ అలికిన నేల, వింబుల్డన్ పచ్చిక

2015 జులై 11. లండన్‌లో పొద్దుగూకుతోంది. వింబుల్డన్ సెంటర్ కోర్టులో మహిళల డబుల్స్ ఫైనల్. అవతల రష్యా జోడీ మకరోవా, వెస్నినా. ఇవతల సానియా మీర్జా, స్విస్ క్రీడాకారిణి మార్టినా హింగిస్. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే ఇంటికే. అక్కణ్నుంచి వరసగా మూడు గేమ్‌లు లాగి 5-5 చేశారు. వెలుతురు చాలక ఆట ఆపి, పైకప్పు మూసి, లైట్లు వేశారు. మళ్లీ మొదలయ్యాక ఆడింది రెండే గేమ్‌లు. రెండూ వీళ్లవే. 5-7, 7-6, 7-5. మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారతీయురాలు మన హైదరాబాదు అమ్మాయి!

నేర్చుకున్న నేల

కుందూ ఒడ్డున మా రాజుపాలెం వైపు పండగొస్తే వాకిట్లో కల్లాపి చల్లుతారు, అరుగులు పేడతో అలుకుతారు. సానియా మొదట ఆడిన నేలా అలాంటిదే. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టిన రోజుల్లో హైదరాబాదులో హార్డ్ కోర్టులు లేవని, పేడతో అలికిన కోర్టుల మీదే ఆట నేర్చుకున్నానని తనే చెప్పింది. ఎండలో ఆడి నల్లబడితే ఎవరు చేసుకుంటారని చుట్టుపక్కలవాళ్లు అన్న మాటనూ దాచలేదు. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా ఆడపిల్లలున్న ఇళ్లకు ఆ మాట కొత్త కాదు. తండ్రి ఇమ్రాన్, తల్లి నసీమా మాత్రం ఆ మాట చెవిన పెట్టలేదు.

గెలిపించిన చెయ్యే

2005 ఆమెను దేశానికి చూపించింది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు వైల్డ్‌కార్డుతో వెళ్లి మూడో రౌండ్ దాకా ఆడి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయురాలైంది. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27. మన దేశపు మహిళల్లో మరెవరూ ఆ మెట్టు ఎక్కలేదు.

ఆ ఆటకంతా ఆయువుపట్టు ఫోర్‌హ్యాండ్. కొరడా ఝళిపించినట్టు చివర్లో మణికట్టు విసిరి కొట్టేది. ఆ మణికట్టే దెబ్బతింది. 2008లో శస్త్రచికిత్స. మోకాళ్లకూ కత్తి తప్పలేదు. కొన్నేళ్లు లాక్కొచ్చి, 2013 నాటికి సింగిల్స్‌కు స్వస్తి చెప్పింది. అప్పుడామెకు ఇరవయ్యారేళ్లు. ఇక అయిపోయిందనుకున్నవాళ్లే ఎక్కువ.

సగం కోర్టు, పూర్తి ఆట

సింగిల్స్‌లో కోర్టంతా ఒక్కరే పరుగెత్తాలి. డబుల్స్‌లో కాళ్ల మీద భారం సగమే. బుర్రకు మాత్రం రెట్టింపు పని: జోడీ ఎటు కదులుతుందో, ఎదుటివాళ్లు ఎక్కడ ఖాళీ వదిలారో ఎప్పుడూ కనిపెట్టి ఉండాలి. సానియా వెనక నుంచి ఫోర్‌హ్యాండ్ దంచితే, తేలిపోయి వచ్చిన బంతిని హింగిస్ నెట్ దగ్గర వాలీతో ముగించేది. 2015 ఏప్రిల్ 13న సానియా ప్రపంచ డబుల్స్ నంబర్ వన్. వింబుల్డన్ వెంట యూఎస్ ఓపెన్, తర్వాత 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు గెలిచాకే ఆ జోడీకి ఓటమి ఎదురైంది. మొత్తం మీద 91 వారాలు ఒకటో ర్యాంకు, 43 డబుల్స్ టైటిళ్లు, ఆరు గ్రాండ్‌స్లామ్‌లు. ఆరింటిలో మూడు మిక్స్‌డ్ డబుల్స్‌వి.

2018లో కొడుకు ఇజాన్ పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చిన తొలి టోర్నీలోనే, హోబార్ట్‌లో, డబుల్స్ టైటిల్. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మన దేశపు ఆటగాడు రోహన్ బోపన్నతో కలిసి మిక్స్‌డ్ ఫైనల్ ఆడింది. పద్నాలుగేళ్ల వయసులో ఆమె మొదటి మిక్స్‌డ్ జోడీ కూడా అతనే. 2023 మార్చి 5న హైదరాబాదు ఎల్‌బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ ఆడి రాకెట్ దించింది.

సింగిల్స్ పోయాక డబుల్స్‌కు దిగడం సర్దుకుపోవడమని అప్పట్లో అన్నారు. లెక్క చూస్తే ఆమె పెద్ద గెలుపులన్నీ మణికట్టు దెబ్బ తర్వాతివే. దారి మూసుకుపోతే పక్క దారి వెతుక్కోవడం కూడా ఆటే.

మన ఊళ్లలో నేలకు కరువు లేదు, పేడకు అంతకన్నా లేదు. ఆడుకుంటానన్న పిల్లను ఎండలోకి పంపే అమ్మానాన్నలే కావాలి.