పారిశ్రామికవేత్తలకు నారుమడి

పరిశ్రమ స్థాపించడానికి పెట్టుబడి, ధైర్యం, వ్యాపారదక్షత ఉంటే చాలునని సాధారణంగా భావిస్తాము. ప్రభుత్వం ఎంత దూరంగా ఉంటే అంత మేలని వాదించేవారూ లేకపోలేదు. అయితే తైవాన్ ఎలక్ట్రానిక్స్ చరిత్రను, మన హైదరాబాదు ఔషధ పరిశ్రమ చరిత్రను పక్కపక్కన ఉంచి చూస్తే, విజయం సాధించిన వ్యక్తుల వెనుక ప్రభుత్వం నెలకొల్పిన సంస్థలు, ప్రభుత్వం చేసిన చట్టాలు స్పష్టంగా కనిపిస్తాయి.

1970 దశకం ఆరంభంలో తైవాన్ ప్రధానంగా చౌక శ్రమపై ఆధారపడి వస్తువులు ఎగుమతి చేసే దేశం. ఆ స్థితి నుండి బయటపడాలని అక్కడి ప్రభుత్వం 1973లో పారిశ్రామిక సాంకేతిక పరిశోధనా సంస్థ 'ఇట్రి'ని స్థాపించింది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల తయారీ పరిజ్ఞానం కోసం ఈ సంస్థ 1976లో అమెరికాకు చెందిన ఆర్.సి.ఎ. కంపెనీతో ఒప్పందం చేసుకొని, యువ ఇంజనీర్లను అక్కడికి శిక్షణకు పంపింది. మరుసటి సంవత్సరమే ప్రయోగాత్మక కర్మాగారం పనిచేయసాగింది.

గమనించదగిన విషయం ఆ తర్వాత జరిగింది. నేర్చిన విద్యను ఇట్రి తన గోడల మధ్య దాచుకోలేదు. 1980లో యు.ఎం.సి. అనే కంపెనీ ఏర్పడినప్పుడు పరిజ్ఞానాన్నీ, దానిని నేర్చిన ఇంజనీర్లనూ ఆ కంపెనీకి అందించింది. ఆ ఏడాదే సించు పట్టణంలో సైన్స్ పార్కు ప్రారంభమైంది. 1985లో అమెరికా నుండి మోరిస్ చాంగ్‌ను ఆహ్వానించి ఇట్రి బాధ్యత అప్పగించారు. ఆయన నాయకత్వాన 1987లో టి.ఎస్.ఎం.సి. ఆవిర్భవించింది. మూలధనంలో దాదాపు సగం ప్రభుత్వానిది. నాలుగో వంతుకు పైగా ఫిలిప్స్ కంపెనీది.

ఈ కంపెనీ తన సొంత చిప్‌లను అమ్మదు. ఇతరులు రూపొందించిన నమూనాలను తయారు చేసి ఇస్తుంది. చిప్ కర్మాగారానికి అపారమైన పెట్టుబడి కావాలి. ఆ భారం తొలగిపోవడంతో, మంచి ఆలోచన ఉన్న కొద్దిమంది ఇంజనీర్లు కూడా కంపెనీ పెట్టగలిగారు. 1993లో అమెరికాలో పుట్టిన ఎన్‌విడియా సొంత చిప్ కర్మాగారం లేకుండానే ఎదిగింది. ఒక సంస్థకు ప్రభుత్వం పెట్టిన పెట్టుబడి ఈ విధంగా దేశ సరిహద్దులు దాటి ఎందరికో దారి చూపింది.

ఇక మన విషయానికి వద్దాము. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐ.డి.పి.ఎల్., సోవియట్ సహకారంతో హైదరాబాదులో సింథటిక్ ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పింది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మందుపై పేటెంటు లేదు, తయారు చేసే పద్ధతిపైనే ఉంటుంది. అనగా ఊరికి పోయే దారిపై హక్కే గాని ఊరిపై హక్కు లేదు. వేరే దారి కనుగొనగల రసాయన శాస్త్రజ్ఞునికి ఇది గొప్ప అవకాశం. ఐ.డి.పి.ఎల్.లో 1969 నుండి 1975 వరకు పనిచేసిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించారు. ఆ కర్మాగారంలో పని నేర్చిన మరెందరో ఔషధ పరిశ్రమకు బలం చేకూర్చారు. 2005లో మందులపై పేటెంట్లు తిరిగి వచ్చేనాటికి ఈ పరిశ్రమ తన కాళ్లపై నిలబడగలిగింది.

అయితే రెండు కథలకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. తైవాన్‌లో కొత్త కంపెనీలను పుట్టించడం ఇట్రి విధులలో ఒకటి. నేటికీ ఆ సంస్థ సజీవంగా పనిచేస్తున్నది. మన దగ్గర అది ప్రణాళిక లేకుండా జరిగిపోయింది. బయటికి వెళ్లినవారు తమ కృషితో ఎదిగారు. తల్లి సంస్థ మాత్రం 1992లో ఖాయిలా సంస్థగా ప్రకటించబడింది. దీనికి నిర్వహణ లోపాలు మొదలుగా అనేక కారణాలు చెబుతారు. కానీ ఆ సంస్థ దేశానికి అందించిన నిపుణుల విలువ దాని లాభనష్టాల ఖాతాలో ఏ పద్దు కిందా నమోదు కాలేదన్నది వాస్తవం.

నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. నారుమడికి కూడా నీరు కావాలన్నది మనం మరచిన సంగతి. ప్రభుత్వ రంగంలో నష్టాలకు సమాధానం చెప్పవలసిందే. అందులో సందేహం లేదు. దానితోపాటు ఎంత పరిజ్ఞానం సృష్టించాము, ఎందరిని తీర్చిదిద్దాము, వారి ఎదుగుదలలో సంస్థకు న్యాయమైన భాగం ఎలా దక్కుతుంది అనే ప్రశ్నలను కూడా విధానకర్తలు వేసుకోవాలి. మన శిక్షణా కేంద్రంలో నేడు లేత్ ముందు నిలబడిన అప్రెంటిస్ కుర్రవాడు రేపు పదిమందికి పని కల్పించవచ్చును. ఆ లెక్క కూడా మన లెక్కే.