చెలకలో తేడా, విత్తనంలో తేడా

కల్వకుర్తి చుట్టుపక్కల చెలకల్లో ఆముదం వేసే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒకే చేను, ఒకే విత్తనం, ఒకేరోజు విత్తినా ఈ మూల పండినట్టు ఆ మూల పండదు. మొరం పైకి తేలిన చోట మొక్క గిడసబారి ఉండిపోతుంది. తేమ నిలిచే పల్లంలో గెలలు నిండుగా వస్తాయి, కానీ కాపు మీద ముసురు పట్టిందంటే బూజు తెగులు కూడా అక్కడే ముందు కనబడుతుంది. అలాంటి నేలలో రెండు రకాలు పక్కపక్కన వేస్తే ఒకటి ఎకరాకు రెండు క్వింటాళ్లు ఎక్కువ ఇచ్చిందనుకోండి. ఆ రెండు క్వింటాళ్లు విత్తనం ఇచ్చిందా, నేల ఇచ్చిందా?

ఇది తేల్చడానికి కాగితం మీద నడిచే యంత్రం ఒకటుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు దాన్ని వన్ వే అనోవా అంటారు. చాలామందికి అది పరీక్ష కోసం బట్టీ పట్టి, హాలు దాటగానే మరిచిపోయే ఫార్ములా. నాకు బాధ కలిగించే విషయం ఇదే. ఎందుకంటే అది పుట్టింది వ్యవసాయంలో, ఆలుగడ్డ చేలో. మన పిల్లలకు అంతకన్నా దగ్గరి లెక్క మరొకటి లేదు.

లండన్‌కు ఉత్తరాన రోథమ్‌స్టెడ్‌లో జాన్ బెన్నెట్ లాస్ 1843లో ఎరువుల ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఏ మడికి ఏ ఎరువు వేశారు, ఎంత పండింది, ఎంత వాన పడింది అని డెబ్బై ఏళ్లకు పైగా రాసి పెట్టారు. ఆ దస్తరాల్లోంచి ఇంకా ఏమైనా తేలుతుందేమో చూడమని 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే 29 ఏళ్ల గణితవేత్తను పనిలో పెట్టుకున్నారు. గోధుమ దిగుబడులు ఏళ్ల తరబడి మెల్లగా మారుతూ రావడంలో కలుపు చేయి ఉందని ఆయనకు అనిపించింది. 1876 విద్యాచట్టం తర్వాత పిల్లలు బడిబాట పట్టి, కలుపు తీసే చేతులు తగ్గి ఉంటాయని కూడా ఊహించాడు.

ఆయన లెక్కలు వేసింది జ్యూరిక్‌లో తయారైన మిలియనేర్ అనే చేతి యంత్రం మీద. అప్పటి మామూలు యంత్రాల మీద 7తో గుణించాలంటే పిడి ఏడుసార్లు తిప్పాలి. మిలియనేర్ కడుపులో ఎక్కాల పట్టికనే లోహంతో చేసి పెట్టారు. మీటను 7 దగ్గర ఉంచి పిడి ఒక్కసారి తిప్పితే సరిపోయేది. వందల అంకెలకు వర్గాలు కట్టి కూడే పనికి అది ఎంత సాయమో చేత్తో లెక్కకట్టిన వాళ్లకే తెలుస్తుంది.

1923లో ఫిషర్, వినిఫ్రెడ్ మెకంజీ కలిసి 12 ఆలుగడ్డ రకాల మీద జరిగిన ఎరువుల ప్రయోగాన్ని విశ్లేషించి అచ్చువేశారు. ప్రయోగపు మళ్ల దిగుబడిలోని మొత్తం తేడాను, రకం వాటా ఎంత, ఎరువు వాటా ఎంత అని విడదీసి చూపించారు అందులో. ఆ మొదటి లెక్క పూర్తిగా సరిగ్గా కుదరలేదు. 1925లో వచ్చిన తన పుస్తకంలో ఫిషర్ అదే ప్రయోగంలోని కొంత భాగాన్ని మళ్లీ తీసుకుని సరిచేసి చూపించాడు. చివర్లో వచ్చే సంఖ్యను ఆయన లాగరిథమ్ రూపంలో వాడేవాడు. అమెరికాలోని అయోవాలో పనిచేసిన జార్జ్ స్నెడెకర్ 1934లో దాన్ని మామూలు నిష్పత్తిగా మార్చి, ఫిషర్ గౌరవార్థం ఎఫ్ అని పేరుపెట్టాడు.

అనోవా అనే ఈ కాగితపు యంత్రం లోపల ఏం జరుగుతుందో చూడటానికి చిన్న లెక్క ఒకటి వేద్దాం. ఇవి ఉదాహరణకు నేను పెట్టుకున్న అంకెలు. మూడు ఆముదం రకాలు, ఒక్కోదానికి నాలుగేసి మళ్లు. దిగుబడి ఎకరాకు క్వింటాళ్లలో. మొదటి రకం: 5, 6, 4, 5. రెండోది: 7, 6, 8, 7. మూడోది: 6, 5, 7, 6. సగటులు 5, 7, 6. మొత్తం సగటు 6.

ప్రతి మడి దిగుబడి 6కు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలు కూడితే 14 వస్తుంది. చేలో ఉన్న తేడా అంతా ఇదే. ఇప్పుడు ప్రతి మడినీ తన రకం సగటుతో పోల్చండి. ఆ వర్గాల మొత్తం 6. ఒకే విత్తనం వేసిన మళ్ల మధ్య తేడా కాబట్టి దీనికి విత్తనం బాధ్యత లేదు. మొరం, పల్లం, పురుగు, తడి, కొలతలో పొరపాటు అన్నీ ఇందులో ఉన్నాయి. మిగిలిన 8 రకాల సగటుల మధ్య తేడా. 8, 6 కలిస్తే 14, చిల్లర లేకుండా సరిపోయింది. ఏ అంకెలు తీసుకున్నా ఇలా సరిపోతుంది. ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా అందంగా కనబడేది ఇదే.

అయితే 8ని 6తో నేరుగా పోల్చకూడదు. మొత్తం సగటు తెలిశాక, మూడు సగటుల్లో రెండు తెలిస్తే మూడోది తేలిపోతుంది గనక 8 వెనుక ఉన్న స్వేచ్ఛ రెండు అంకెలది. ఒక్కో రకంలో నాలుగు మళ్లకు మూడు చొప్పున, 6 వెనుక ఉన్నది తొమ్మిది. 8ని 2తో భాగిస్తే 4. 6ని 9తో భాగిస్తే 0.67. నాలుగును 0.67తో భాగిస్తే 6. అదే ఎఫ్. రకాల మధ్య అసలు తేడా ఏమీ లేకపోతే, నేల ఎగుడుదిగుళ్ల వల్లే ఎఫ్ 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడం నూటికి సుమారు రెండుసార్లే జరుగుతుంది.

ఇప్పుడు సగటులు కదపకుండా మళ్లను మాత్రం చెదరగొడదాం. మొదటి రకం 2, 8, 3, 7. రెండోది 4, 10, 5, 9. మూడోది 3, 9, 4, 8. సగటులు మళ్లీ 5, 7, 6. కానీ లోపలి తేడా 6 నుంచి 78కి ఎగబాకింది. ఎఫ్ 0.46కు పడిపోయింది. అంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎఫ్ విత్తనంతో పనిలేకుండా నూటికి సుమారు 64 సార్లు వస్తుంది. అవే సగటులు, తీర్పు మాత్రం తిరగబడింది. రెండు క్వింటాళ్ల తేడా పెద్దదా చిన్నదా అన్నది ఆ రెండు క్వింటాళ్లలో లేదు. దాన్ని తూచే రాయి చేను సొంత ఎగుడుదిగుడే. సగటులు మాత్రమే చూపించి ఫలానా విత్తనం మేలని చెప్పే ప్రకటన, ఆ రాయిని రైతుకు కనబడకుండా దాస్తున్నట్టే లెక్క.

మొదటి చేనుకే మళ్లీ వద్దాం. ఎఫ్ పెద్దది కాబట్టి రకాలన్నీ ఒకటి కాదని తేలింది. ఏది దేనికన్నా మేలో ఇంకా తేలలేదు. అందుకే పరిశోధన స్థానాల పట్టికల అడుగున సి.డి. అని ఒక అంకె ఉంటుంది. రెండు సగటుల మధ్య కనీసం అంత తేడా ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి. మన లెక్కలో అది సుమారు 1.3. రెండో రకం మొదటిదానికన్నా 2 ఎక్కువ, కాబట్టి మేలు. మూడోదానికన్నా 1 మాత్రమే ఎక్కువ, కాబట్టి మేలని చెప్పలేం. జతలను విడివిడిగా పోల్చుకుంటూ పోతే సరిపోదా అంటే, పది రకాలకు 45 జతలు అవుతాయి. నూటికి ఐదు తప్పులు ఒప్పుకుంటే, అసలు తేడానే లేని చోట కూడా సగటున రెండుకు పైగా జతలు ఉత్తినే గెలుస్తాయి. అందుకే ముందు ఎఫ్, తర్వాతే సి.డి.

ఇంత లెక్కా నిలవాలంటే ఏ మడికి ఏ రకమో చీటీ వేసి నిర్ణయించాలి. మంచి మడి ఏదో ప్రయోగం చేసేవాళ్ల కంటికి ముందే తెలుసు. నచ్చిన విత్తనాన్ని చేయి తెలియకుండానే అక్కడికి తీసుకుపోతుంది. నేల ఒకవైపు వాలుగా ఉంటే దాన్ని ముందే అడ్డంగా పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలోనూ చీటీ వేస్తారు.

ఈ యంత్రం మన దేశానికి కలకత్తా మీదుగా వచ్చింది. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ అంతకుముందు నుంచే పంటల ప్రయోగాల మీద పనిచేస్తున్నాడు. 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన మొదటి స్టాటిస్టికల్ కాన్ఫరెన్స్‌కు ఫిషర్ అధ్యక్షత వహించాడు. 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఒక తెలుగు యువకుడు మహలనోబిస్ సంస్థలో చేరాడు. ఆయనే సి.ఆర్. రావు. కేంబ్రిడ్జి వెళ్లి ఫిషర్ దగ్గరే పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ పొందాడు. ఫిషర్ లెక్క మడికి ఒక్క కొలతతో నడిచేది. గింజ బరువు, నూనె శాతం, గెల పొడవు లాంటి కొలతలన్నీ ఒకేసారి పోల్చవలసి వస్తే ఎఫ్‌ను ఎలా వాడుకోవాలో చూపిన వాళ్లలో రావు ముఖ్యుడు.

కల్వకుర్తి ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. క్రాంతి, హరిత ఆముదం రకాలు, పి.సి.హెచ్.-111 హైబ్రిడ్ అక్కడివే. కల్వకుర్తి డిగ్రీ విద్యార్థులకు అనోవా మొదటిసారి చెప్పాల్సింది అలాంటి ప్రయోగ క్షేత్రం గట్టు మీద నిలబెట్టి అని నా గట్టి నమ్మకం. ఏ మళ్లలో ఒకే రకం ఉందో చూపించి, వాటి మధ్య తేడాను వాళ్లతోనే కొలిపించాలి.

యంత్రానికి ఒక హద్దు ఉంది. ఒక్క చేలో ఒక్క ఏడు వేసిన ప్రయోగంలో మడికీ మడికీ ఉన్న తేడా దొరుకుతుంది గానీ, ఏడాదికీ ఏడాదికీ ఉన్న తేడా దొరకదు. వాన మీద బతికే పాలమూరు నేలలో ఆ రెండోదే పెద్దది. కొత్త రకాన్ని విడుదల చేసేముందు అనేక చోట్ల, కొన్నేళ్ల పాటు వేసి చూసేది ఇందుకే.