పేరుకు పట్టా ఉందా?

మదనపల్లె టమోటా మార్కెట్లో పొద్దున్నే వేలంపాట. వరసగా పేర్చిన క్రేట్లలో ఒకదాన్ని దగ్గరగా చూస్తే, పక్కన రాసి ఉండేది మండీ పేరు. కాయ పండించిన రైతు పేరు ఎక్కడా కనిపించదు. లారీ రాష్ట్రం దాటాక మండీ పేరూ ఎవరికీ పట్టదు. మిగిలేది ‘మదనపల్లె టమోటా’ అన్న మాటే.

సరే, మనమే సాస్ తయారుచేసి సీసా మీద ‘మదనపల్లె’ అని వేసుకుంటే? 1999 నాటి ట్రేడ్‌మార్కు చట్టం తొమ్మిదో సెక్షన్ అడ్డొస్తుంది. సరుకు ఏ ఊరిదో చెప్పే మాటను ఉత్తినే ఒకరికి రాసివ్వరు. దరఖాస్తుకు ముందే, ఆ పేరు వినగానే జనానికి మన సరుకే గుర్తొచ్చేంతగా వాడి ఉండాలి. అంతకన్నా కొత్త పేరొకటి పుట్టించుకోవడమే తేలిక.

పేరు దొరికాక, ఏ సరుకుకు నమోదు చేయించాలన్న తరగతుల లెక్క మొదలవుతుంది. తాజా టమోటా 31వ తరగతి, పేస్టు 29, కెచప్ 30, తాగే రసం 32. మొత్తం 45 తరగతుల్లో ఒక్క కాయే నాలుగు గడపలు తొక్కుతుంది. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో తరగతికి రూ.4,500, అంటే నాలుగింటికీ రూ.18,000. దరఖాస్తు ట్రేడ్‌మార్కుల జర్నల్లో అచ్చయ్యాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. నమోదైతే పదేళ్లు మనది, తర్వాత రెన్యువల్.

ఆ అభ్యంతరం ఎంత దూరం పోతుందో కుప్పం వాళ్లకు చెప్పనక్కర్లేదు. రైలెక్కితే బెంగళూరు, అక్కడ ఆంధ్రా భోజనానికి పేరుపడ్డ ‘నందిని డీలక్స్’. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచే ‘నందిని’ పేరు వాడుతోంది. హోటలు మొదలైంది 1989లో. హోటలు వాళ్లు 29, 30 తరగతుల్లో తమ పేరు నమోదు చేయించబోతే సమాఖ్య ఎదురు తిరిగింది. హైకోర్టులోనూ సమాఖ్యదే పైచేయి. 2018 జూలైలో సుప్రీంకోర్టు హోటలు పక్షాన తేల్చింది. నందిని అనేది ఎవరో కల్పించిన మాట కాదు, దేవతకూ ఆవుకూ ఉన్న పాత పేరు. రెండు బోర్డుల రూపం వేరు, సరుకూ వేరు అంది. కానీ పాలు, పాల పదార్థాలకు మాత్రం హోటలుకు ఆ పేరు దక్కలేదు. నాకైతే ఈ చివరి ముక్కే తీర్పు మొత్తానికి రుచి. ఒక పేరు, రెండు వంటిళ్లు. పెరుగు గిన్నె దగ్గర గీత గీశారు.

ఇక పుంగనూరు ఆవుల సంగతి. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ పొట్టి ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక గిరాకీ పెరిగింది, దాంతోపాటు అనుమానమూ పెరిగింది. ఎత్తు తక్కువున్న ప్రతి ఆవునూ పుంగనూరు అనేస్తే కొనేవాడికి ఏం తెలుస్తుంది? పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతోంది. దేశీ పశుజాతుల జాబితాలోనూ ఇది ఉంది. కానీ జాతిగా గుర్తింపు వేరు, పేరు మీద హక్కు వేరు. జాబితాలో ఉన్నంత మాత్రాన నకిలీ అమ్మేవాణ్ని ‘ఆ పేరు వాడకు’ అని నిలదీసే అధికారం పెంపకందారుకు రాదు.

ఊరందరి పేరుకు ఒక్కరి ట్రేడ్‌మార్కు పనికిరాదు. దానికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. 2009లో తిరుపతి లడ్డూకు దక్కింది అదే. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా వాళ్లు 2018లో తమ కడక్‌నాథ్ కోడి మాంసానికి తెచ్చుకున్నారు. కోడికి కాదు, మాంసానికి, తేడా గమనించాలి. జీఐకి విడిగా ఒక మనిషి వెళ్తే కుదరదు, ఉత్పత్తిదారుల సంఘమో, వాళ్ల తరఫున ఒక సంస్థో కదలాలి. ఇక్కడే మన చిక్కు. ధర పడినప్పుడు రోడ్డు మీదికి వచ్చినంత సులువుగా పేరు కోసం పది మందిమి ఒక కాగితం మీద సంతకాలు చెయ్యం. ఆ కాగితం చేరాల్సిన ఆఫీసు మాత్రం దూరమేమీ కాదు, చెన్నై గిండీలోనే ఉంది. ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ కూడా అక్కడే.