ఒకే పేటలో రెండు సర్కారు బడులు
బిడ్డను ఏ గడప ఎక్కించాలి? ఢిల్లీ సామాన్యుని ముందున్న ప్రశ్న

న్యూఢిల్లీ: దేశ రాజధానిలో విద్యా సంవత్సరం ఏప్రిల్ నెలలో మొదలవుతుంది. అంతకు కొన్ని వారాల ముందు నుంచే, బడి ఈడుకు వచ్చిన బిడ్డ ఉన్న సామాన్య కుటుంబాలలో ఒక చర్చ సాగుతుంది. ప్రైవేటు పాఠశాల ఫీజులు కట్టే శక్తి లేదు. పేటలో ప్రభుత్వ బడులు రెండున్నాయి. ఒకటి ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే ప్రాథమిక పాఠశాల. రెండోది ఢిల్లీ ప్రభుత్వం నడిపే సర్వోదయ విద్యాలయ. రెండింటిలోనూ ఫీజు లేదు. పుస్తకాలు, మధ్యాహ్న భోజనం రెండింటిలోనూ ఉచితమే. మరి బిడ్డను ఏ గడప ఎక్కించాలి?

పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం అంత తేలిక కాదు. ఆ బిడ్డ చదువు ఐదో తరగతి తర్వాత ఎలా సాగుతుందనేదీ, రోజూ బడికి దింపి తీసుకురావడానికి తల్లి ఎన్ని గంటల పని వదులుకోవలసి వస్తుందనేదీ చాలా వరకు ఈ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇద్దరు యజమానులు

ఒకే నగరంలో, ఒక్కోసారి ఒకే వీధిలో, రెండు రకాల ప్రభుత్వ బడులు ఉండటానికి కారణం చరిత్రలో ఉంది. పార్లమెంటు 1957లో చేసిన చట్టం ప్రకారం ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ 1958 ఏప్రిల్‌లో ఏర్పడింది. ప్రాథమిక విద్యను ఆ చట్టం కార్పొరేషన్ తప్పనిసరి విధులలో చేర్చింది. అప్పటి నుంచి ఐదో తరగతి వరకు బడులు నడిపే బాధ్యత ప్రధానంగా కార్పొరేషన్‌ది, ఆ పైచదువు ప్రభుత్వానిది అనే విభజన సాగుతూ వచ్చింది. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్, కంటోన్మెంట్ బోర్డు తమ తమ పరిధులలో వేరుగా బడులు నడుపుతున్నాయి.

తర్వాతి కాలంలో ఢిల్లీ ప్రభుత్వం తన ఉన్నత పాఠశాలలు కొన్నింటిలో ప్రాథమిక తరగతులు కూడా చేర్చి, పన్నెండో తరగతి వరకు ఒకే ఆవరణలో చదువు చెప్పే ఏర్పాటు చేసింది. ఇవే సర్వోదయ విద్యాలయాలు. వీటిలో బాలికలకు ప్రత్యేకించినవి, బాలురకు ప్రత్యేకించినవి, ఇద్దరూ కలిసి చదివేవి ఉన్నాయి. ఈ విధంగా ఒకే వయసు పిల్లలకు ఒకే పేటలో ఇద్దరు యజమానుల బడులు ఎదురెదురుగా నిలిచాయి.

కార్పొరేషన్‌ను 2012లో మూడు ముక్కలు చేసి, 2022లో మళ్ళీ ఒకటిగా కలిపారు. విడివిడిగా ఉన్న ఆ పదేళ్ళలో నిధుల కొరత వల్ల కొన్ని ప్రాంతాల్లో ఉపాధ్యాయుల జీతాలు నెలల తరబడి ఆగిన సందర్భాలు ఉన్నాయి. కార్పొరేషన్ బడిపై తల్లిదండ్రుల నమ్మకం సడలడానికి ఇదీ ఒక కారణమే.

ఐదో తరగతి గండం

సర్వోదయ విద్యాలయం వైపు తల్లిదండ్రులు మొగ్గు చూపడానికి ముఖ్య కారణం ఒక్కటే. ఒకసారి చేర్చితే పన్నెండో తరగతి వరకు మరో బడి గుమ్మం తొక్కే పని ఉండదు. కార్పొరేషన్ బడిలో చదువు ఐదుతో ముగుస్తుంది. బడి మారవలసిన ఆ తరుణంలోనే కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చదువుకు దూరమవుతారని పెద్దల భయం. కొత్త బడి దూరమైతే, దారిలో పెద్ద రోడ్డు దాటవలసి వస్తే ఆ భయం నిజమయ్యే అవకాశం ఉంటుంది.

అయితే ఈ భయంలో కొంత అతిశయం కూడా ఉంది. కార్పొరేషన్ బడిలో ఐదు పూర్తిచేసిన పిల్లలను ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో ఆరో తరగతిలో చేర్చుకునే ఏర్పాటు చాలా కాలంగా అమలులో ఉంది. ఏ ప్రాథమిక బడి పిల్లలు ఏ ఉన్నత పాఠశాలకు వెళ్ళాలో ముందే ముడిపెట్టి ఉంచుతారు. కనుక ఒకటో తరగతిలో చేర్చే రోజునే తండ్రి అడిగి తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ బడికి ముడిపడిన ఉన్నత పాఠశాల ఏది? అది ఇంటికి ఎంత దూరం? ఆ పాఠశాల పక్క వీధిలోదే అయితే ఐదో తరగతి గండం సగం గడిచినట్లే. మెట్రో లైనుకు అవతల ఉన్నదైతే ఆలోచించవలసిందే.

చీటీ చేతిలో ఎంపిక

ఇక్కడ మరో చిక్కు ఉంది. సర్వోదయ విద్యాలయంలో సీట్లు పరిమితం. నర్సరీ, కె.జి., ఒకటో తరగతులలో సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీస్తారు. పిల్లవానికి గానీ తల్లిదండ్రులకు గానీ ప్రవేశ పరీక్ష పెట్టడాన్ని 2009 విద్యా హక్కు చట్టం నిషేధించింది. దరఖాస్తుదారులలో సమీప నివాసులకు ప్రాధాన్యం ఉంటుంది. అందువల్ల కిరాయి ఒప్పందం కాగితం, రేషన్ కార్డు వంటి చిరునామా పత్రాలకు ప్రాణం వస్తుంది. ఏటా గది మారే వలస కూలీ కుటుంబం సాధారణంగా ఇక్కడే వెనుకబడిపోతుంది.

వయసు రుజువు లేదన్న కారణంతో బిడ్డకు ప్రవేశం నిరాకరించరాదని అదే చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియక ఆఫీసు గుమ్మం నుంచే వెనుదిరిగే వారున్నారు. చీటీలో పేరు రానివారికి కార్పొరేషన్ బడి తలుపు తెరిచే ఉంటుంది. అంటే ఇది సరుకు చూసి బేరమాడే ఎంపిక కాదు. చాలా కుటుంబాలకు ఒక బడి కోరిక, మరొకటి భరోసా.

దూరానికీ వెల ఉంది

చదువు ఉచితమైనా బడికి చేరడం ఉచితం కాదు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపున, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి మూడు కిలోమీటర్ల లోపున బడి ఉండాలని విద్యా హక్కు చట్టం కింద కేంద్రం రూపొందించిన నియమాలు పేర్కొంటున్నాయి. ఆరేళ్ళ బిడ్డ కాళ్ళకు కిలోమీటరు తక్కువ దూరమేమీ కాదు. మే నెల ఎండలోనూ, డిసెంబర్, జనవరి నెలల పొగమంచులోనూ ఆ దూరం ఇంకా పెరిగినట్లే అనిపిస్తుంది.

బిడ్డను దింపడానికి వెళ్ళే తల్లి ఇళ్ళలో పనిచేసే మనిషైతే ఉదయపు పని ఒకటి వదులుకోవాలి. రిక్షా మాట్లాడితే నెలనెలా కిరాయి పడుతుంది. ఢిల్లీలో చాలా ప్రభుత్వ పాఠశాల భవనాలు రెండు పూటలు పనిచేస్తాయి. ఉదయం బాలికలకు, మధ్యాహ్నం నుంచి బాలురకు తరగతులు జరుగుతాయి. అక్క ఉదయం బడికీ, తమ్ముడు మధ్యాహ్నం బడికీ వెళ్ళే ఇంట్లో ఒకరినొకరు చేయిపట్టి నడిపించుకునే వీలుండదు. ఇంట్లో ఎవరో ఒకరు రోజంతా కాపలా ఉండవలసి వస్తుంది. ఇద్దరు పిల్లలూ ఒకే వేళకు వెళ్ళి ఒకే వేళకు వచ్చే బడి, కొంచెం చిన్నదైనా, పేద ఇంటికి పెద్ద ఆదా.

భోజనం విషయంలో మాత్రం రెండు బడులకూ తేడా చూడనవసరం లేదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్‌లో ఆదేశించింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఆ భోజనంలో 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలనే నిబంధన ఇద్దరు యజమానులకూ వర్తిస్తుంది.

చదవడం వచ్చిందా?

బడి పేరు, భవనం, యూనిఫాం పక్కన పెడితే అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. బిడ్డకు అక్షరం వస్తున్నదా?

ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో ఆరో తరగతి పిల్లలను 2016లో పరీక్షించినప్పుడు దాదాపు నాలుగింట మూడొంతుల మంది తమ హిందీ పాఠ్యపుస్తకంలోని ఒక పేరాను చదవలేకపోయినట్లు తేలింది. ఆరులో చేరేవారిలో పెద్ద భాగం కార్పొరేషన్ బడుల నుంచి వచ్చినవారే కావడంతో, తప్పు ఎవరిదన్న వాదన రెండు పాలక వ్యవస్థల మధ్య రాజకీయ వివాదంగా మారింది. ఆ తర్వాత 2018లో పిల్లలను తరగతిని బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి నేర్పే ‘మిషన్ బునియాద్’ కార్యక్రమాన్ని రెండు రకాల బడులలోనూ చేపట్టారు. లోపం ఒక బోర్డు పేరుకు పరిమితమైనది కాదని ఈ చర్యే చెబుతోంది.

కేంద్రం 2021 జూలైలో ప్రారంభించిన ‘నిపుణ్ భారత్’ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టుకుంది. నిమిషానికి కనీసం 60 పదాలు చదవడం, 9,999 వరకు అంకెలు రాయగలగడం దాని కొలతలు. చదువు రాని తల్లి కూడా వాడుకోగల కొలత ఇది. పేటలో ఆ బడికి వెళ్ళే మూడో తరగతి పిల్లవాణ్ణి పిలిచి, పుస్తకం ఇచ్చి చదవమంటే చాలు. తడుముకోకుండా చదివాడా, నత్తినత్తిగా చదివాడా అన్నది చెవికే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల చేత ఇలా చదివిస్తే బడి సంగతి కొంతవరకు తేటపడుతుంది.

ఈ జాగ్రత్తకు మరో కారణమూ తోడయింది. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి రెండు నెలల్లో మరో అవకాశం ఇచ్చి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచే అధికారాన్ని విద్యా హక్కు చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రభుత్వాలకు కల్పించింది. ఒకటి, రెండు తరగతుల్లో పడని పునాది ఐదో తరగతిలో బయటపడుతుంది.

గంటసేపు చూస్తే చాలు

ఇలా విన్న మాటలతో పాటు, బడి నడిచే వేళ ఒక గంట స్వయంగా చూసి రావడం మేలు. చూడవలసినవేమిటో చట్టమే జాబితాగా ఇచ్చింది. ప్రతి ఉపాధ్యాయునికి ఒక గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీరు, ప్రహరీ గోడ, ఆటస్థలం, గ్రంథాలయం ఉండాలి. మరుగుదొడ్డి ఉన్నదా అని అడిగితే ఉన్నదనే జవాబు వస్తుంది. తాళం వేసి ఉన్నదా, లోపల నీళ్ళున్నాయా అన్నది చూస్తేనే తెలుస్తుంది.

పిల్లల సంఖ్యను బట్టి ఉపాధ్యాయులు ఎందరుండాలో కూడా చట్టం నిర్ణయించింది. 60 మంది వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు ఉండాలి. చిన్న బడిలో చనువు ఎక్కువ. కానీ 60 మంది పిల్లలకు ఇద్దరే ఉపాధ్యాయులైతే ఐదు తరగతులను ఆ ఇద్దరే పంచుకోవాలి. పెద్ద బడిలో తరగతికొక టీచరు ఉండవచ్చు. కానీ ఒక్కో గదిలో పిల్లలు కిక్కిరిసి ఉండవచ్చు. ఒకటో తరగతి చెప్పేది ఎవరు, ఆమె రెండో తరగతిలోనూ అదే పిల్లలతో ఉంటారా, ఎన్నికల విధులకు, జనాభా లెక్కలకు వెళ్ళినప్పుడు ఆమె స్థానంలో ఎవరు చెబుతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం నిర్ణయం జరిగిపోయినట్లే.

ఆంధ్రలోనూ ఇదే తర్కం

ఈ సమస్య ఢిల్లీకే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జారీ అయిన 117వ నంబరు ఉత్తర్వుతో, కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను తరలించారు. పెద్ద బడిలో సబ్జెక్టుకొక ఉపాధ్యాయుడు దొరుకుతాడని ప్రభుత్వం వాదించింది. ఇంటి పక్క బడి పోయి పసిపిల్లలు రోడ్లు దాటవలసి వస్తున్నదని తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు ఆందోళన చేశాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025లో ఆ ఉత్తర్వును ఉపసంహరించి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల విధానం తెచ్చింది. ఢిల్లీ తండ్రి తన ఇంట్లో తూచే తూకమే అక్కడ రాష్ట్రం మొత్తానికి తూచారు. పెద్ద బడి వసతి ఒక తట్టలో, దగ్గరి బడి భద్రత మరో తట్టలో ఉన్నాయి.

దిద్దుకునే హక్కు

నిర్ణయం తప్పితే ఏమవుతుందన్న దిగులు అక్కరలేదు. ఏ కారణం వల్లనైనా ఒక బడి నుంచి మరో ప్రభుత్వ బడికి మారే హక్కు బిడ్డకు ఉంది. ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు. ఉన్న బడినే మార్చుకునే దారి కూడా చట్టంలో ఉంది. బడి యాజమాన్య కమిటీ సభ్యులలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. రాని టీచరు గురించి, తాళం వేసిన మరుగుదొడ్డి గురించి అడగవలసిన చోటు అది.

కులమత, ధనిక, పేద భేదం లేకుండా పేటలోని పిల్లలందరూ చదివే ఇరుగుపొరుగు బడి ఉండాలని కొఠారీ కమిషన్ 1966లోనే సిఫార్సు చేసింది. ఆ బడి వచ్చి ఉంటే ఈ రోజు ఢిల్లీ తల్లికి ఎంచుకునే పని ఉండేది కాదు. అది వచ్చేదాకా, లాటరీలో పేరు వచ్చిన బిడ్డకూ రాని బిడ్డకూ మూడో తరగతి ముగిసేసరికి ఒకే తీరుగా చదవడం వచ్చేట్లు చూడవలసిన బాధ్యత ఇద్దరు యజమానులదీ.