భోజనాల బల్లపై అంతరిక్ష సమరం

చదరంగానికి పుట్టినిల్లు మన దేశం. రథ, గజ, తురగ, పదాతి బలాలను గళ్ళపై నిలిపి, రక్తపాతం లేకుండా యుద్ధనీతిని అభ్యసించిన మన పూర్వుల మేధాశక్తి జగద్విదితం. ఆ క్రీడ దేశదేశాలు సంచరించి అనేక రూపాంతరాలు పొందింది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ పటాలతో, పాచికలతో ఆడే యుద్ధక్రీడకు నియమావళి ప్రచురించగా, ఆ దేశపు సైన్యం దానిని అధికారుల శిక్షణకు స్వీకరించింది. 1913లో సుప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంటి నేలపై ఆడే ఆటను వివరిస్తూ 'లిటిల్ వార్స్' అనే గ్రంథం వెలువరించాడు. ఆ పరంపరలో ఈ తరానికి అందినదే సూక్ష్మ నమూనాలతో ఆడే అంతరిక్ష యుద్ధక్రీడ.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అల్లుడుగారు కొన్నేళ్ళ క్రితం సెలవులకు వచ్చినప్పుడు ఈ ఆట మా ఇంట అడుగుపెట్టింది. దాని పేరు 'స్టార్ వార్స్: ఎక్స్-వింగ్'. 2012లో తొలిసారి విడుదలైంది. పెట్టెలో అరచేతిలో ఇమిడే నౌకలు మూడు: ఒక ఎక్స్-వింగ్, రెండు టై ఫైటర్లు. వాటితోపాటు అట్ట కొలబద్దలు, పాచికలు, గుండ్రని డయళ్ళు.

ఆట తీరు

మూడడుగుల చదరపు స్థలమే ఆకాశం. గళ్ళుండవు. ప్రతి ఆటగాడు తన నౌక ఎటు, ఎంత వేగంతో కదలాలో డయల్ తిప్పి నిర్ణయించి, దానిని బోర్లించి పెడతాడు. ఎదుటివారి నిర్ణయం ఎవరికీ తెలియదు. అందరి డయళ్ళూ సిద్ధమైన పిదపనే అవి ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. నైపుణ్యం తక్కువగా ఉన్న చోదకుడు ముందు కదలాలి. కాల్పుల వేళ మాత్రం నైపుణ్యం ఎక్కువ ఉన్నవాడిదే మొదటి అవకాశం. అనుభవజ్ఞుడు అందరి కదలికలూ చూసి తాను కదులుతాడు, అందరికంటె ముందుగా గురిపెడతాడు. బల్ల అంచు దాటిన నౌక నశించినట్లే.

చదరంగంలో సమస్తం కళ్ళెదుటే ఉంటుంది. వైకుంఠపాళిలో సమస్తం పాచిక చేతిలో ఉంటుంది. ఈ ఆట ఆ రెండింటి నడుమ నిలుస్తుంది. అసంపూర్ణ సమాచారంతో నిర్ణయం తీసుకోవడం, తీసుకున్న పిదప దానికి కట్టుబడడం ఇందలి సారం. ప్లాంటులో షిఫ్టు బాధ్యత వహించే సోదరులకు ఈ పరిస్థితి కొత్తది కాదు.

పాచికల వెనుక గణితం

దాడికి వాడే ఎర్ర పాచికకు ఎనిమిది ముఖాలు. వాటిలో నాలుగు దెబ్బను సూచిస్తాయి, రెండు ఏకాగ్రత చిహ్నాలు, రెండు ఖాళీ. అనగా ఒక పాచికతో దెబ్బ తగిలే సంభావ్యత సగం. చోదకుడు కదిలిన వెంటనే తనకు లభించే చర్యను ఏకాగ్రతకు వినియోగించి ఉంటే, ఆ రెండు చిహ్నాలు కూడా దెబ్బలుగా మారి, సంభావ్యత ముప్పాతికకు పెరుగుతుంది. రక్షణకు వాడే ఆకుపచ్చ పాచికలో తప్పించుకునే ముఖాలు మూడే. ఏకాగ్రత ఉంటే అవి ఐదవుతాయి.

మూడు ఎర్ర పాచికలు వేసే ఎక్స్-వింగ్‌కు ఏకాగ్రతతో సగటున 2.25 దెబ్బలు లభిస్తాయి. మూడు ఆకుపచ్చ పాచికలున్న టై ఫైటర్ ఏకాగ్రత లేకుండా సగటున 1.125 మాత్రమే తప్పించుకోగలదు. ఏకాగ్రత ఉంటే అది 1.875. అయితే ఆ చర్యను ఏకాగ్రతకు వాడినవాడు పక్కకు దొర్లి తప్పుకునే అవకాశం వదులుకున్నట్లే. పాఠ్యపుస్తకంలో నీరసంగా తోచిన సంభావ్యతా సిద్ధాంతాన్ని మా చిన్నవాడు ఈ లెక్కలతో ఒక్క ఆదివారంలో వంటబట్టించుకున్నాడు.

న్యూటన్ గారి నౌకలు

ఇంజనీరు కంటికి ఈ ఆటలో ఒక విడ్డూరం కనబడుతుంది. నౌకలు శూన్యంలో గాక గాలిలో ఎగిరే విమానాల వలె మలుపు తిరుగుతాయి. దీనికి కారణం లేకపోలేదు. 1977 నాటి 'స్టార్ వార్స్' చిత్రంలోని పోరాట దృశ్యాల కూర్పుకు దర్శకుడు జార్జ్ లూకాస్ రెండవ ప్రపంచయుద్ధపు విమాన పోరాటాల చిత్రాలను ఆధారంగా తీసుకున్నాడు. ఆట ఆ చిత్రాన్ని అనుసరించింది.

భౌతికశాస్త్ర నియమాలకు తలవంచే క్రీడలూ ఉన్నాయి. జాన్ టఫ్లీ రూపొందించిన 'ఫుల్ థ్రస్ట్'లో సదిశ పద్ధతిని ఎంచుకుంటే, నౌక ముఖం తిప్పినంత మాత్రాన దారి మారదు. ఉన్న వేగం అట్లే సాగుతుంది. ఆగాలంటే వెనుదిరిగి ఇంజన్ మండించవలసిందే. 2023 ఆగస్టు 23న మన విక్రమ్ ల్యాండర్ చంద్రునిపై దిగినప్పుడు తన గమనానికి ఎదురుగా ఇంజన్లను మండించి వేగం ఎందుకు తగ్గించుకున్నదో, ఈ ఆట ఆడిన పిల్లలకు వేరే బోధించనక్కరలేదు.

ఇంటిల్లిపాదీ ఒక్కచోట

మా చిన్నవాడు అప్పుడు ఇంటర్ రెండవ సంవత్సరం. కళాశాల, కోచింగు, మూసిన గది తలుపు తప్ప వేరు ప్రపంచం లేని రోజులవి. భోజనాల బల్ల వద్ద కూడా నలుగురం నాలుగు మొబైళ్ళలో తలలు దూర్చేవాళ్ళం. ఆ బల్లపైనే ఆదివారం సాయంత్రాలు ఆకాశం పరుచుకోవడం మొదలైన పిదప మాట పెగిలింది. పై క్వార్టర్‌లోని బెంగాలీ మిత్రుడు సకుటుంబంగా వచ్చేవాడు. మొదట్లో "ఈ వయసులో బొమ్మలాటలేమిటండీ" అన్న మా శ్రీమతి, ఎదుటివారి ముఖం చూసి వారి డయల్‌ను ఊహించడంలో మా అందరినీ మించిపోయింది.

ఆ యేడు ప్రవేశ పరీక్షలో అబ్బాయికి ఆశించిన ర్యాంకు రాలేదు. ఇల్లంతా మూగబోయింది. ఏ మాటతో ఓదార్చాలో తెలియక నేను సతమతమవుతుండగా, రెండవ రోజున వాడే అన్నాడు: "నాన్నా, ఈ రౌండు పాచికలు ఇలా పడ్డాయి. నౌక ఇంకా బల్ల దాటిపోలేదు కదా!" ఓటమిని లెక్కవేసి చూడడం, మిగిలిన బలంతో తరువాతి ఎత్తు ఆలోచించడం వాడికి మేము ఉపన్యసించి నేర్పినవి కావు. మరుసటి యేడు మళ్ళీ వ్రాసి, తనకు నచ్చిన శాఖలో చేరాడు.

ఖర్చు స్వల్పం

2024లో ప్రచురణకర్తలు ఎక్స్-వింగ్ ఆటకు ఇక కొత్త భాగాలు రూపొందించబోమని ప్రకటించారు. అయినను ఉన్న నౌకలకు తుప్పు పట్టదు, తెలిసిన నియమాలు మరపునకు రావు. విదేశీ బొమ్మలు ఖరీదని వెనుకాడనక్కరలేదు. 'ఫుల్ థ్రస్ట్' నియమావళిని ప్రచురణకర్తలే ఉచితంగా అందుబాటులో ఉంచారు. సీసా మూతలు, థర్మోకోల్ ముక్కలు, పాత కాలెండరు అట్టలతో పిల్లలే నౌకాదళం నిర్మించుకోగలరు. కావలసినవి ఒక స్కేలు, కోణమానిని, నాలుగు పాచికలు మాత్రమే.

మన రిక్రియేషన్ క్లబ్బులో క్యారమ్, చదరంగం బల్లల సరసన నెలకొక్క ఆదివారం ఈ క్రీడకూ చోటు కల్పిస్తే పిల్లలూ పెద్దలూ సరిసమానంగా కూర్చునే వేదిక ఒకటి ఏర్పడుతుంది. నేర్పుటకు నేను సిద్ధం. ఆసక్తి గల సోదర సోదరీమణులు సకుటుంబంగా విచ్చేసి, తమ తమ నౌకలను అధిరోహించవలసిందిగా మనవి.