'వస్తుంది' వేరు, 'రావచ్చు' వేరు

ఇంట్లో పెద్దవారికి జబ్బు చేసి, ఆస్పత్రి నుండి ఇంటికి తీసుకువచ్చిన రోజున మన చేతికి అందే కాగితం చాలాసార్లు ఇంగ్లీషులోనే ఉంటుంది. దానిని చదివి చెప్పే బాధ్యత బడికి వెళ్ళే పిల్లలపై పడుతుంది. అందులో 'ద పెయిన్ మే రిటర్న్' అని ఉందనుకుందాం. 'నొప్పి మళ్ళీ వస్తుందట' అని పిల్లవాడు చెబితే ఇల్లంతా కలవరపడుతుంది. 'ఇక ఫరవాలేదట' అంటే అందరం ఏమరుపాటున ఉంటాము. అసలు అర్థం ఈ రెండింటికీ నడుమ ఉంది: 'నొప్పి తిరిగి రావచ్చు, కనిపెట్టి ఉండండి' అని.

గతించినది మళ్ళీ వచ్చే అవకాశాన్ని తెలిపేందుకు ఇంగ్లీషులో 'మే', 'మైట్', 'కుడ్' అనే సహాయక క్రియలను వాడుతారు. వీటిలో 'మైట్' కొంత బలహీనమైన అవకాశాన్ని సూచిస్తుందని సాధారణంగా భావిస్తారు. 'విల్' అంటే మాత్రం తప్పక వస్తుందని అర్థం.

మన 'వచ్చు' వలెనే 'మే' కూడా రెండు పనులు చేస్తుంది. 'మీరు లోనికి రావచ్చు' అన్నప్పుడు అది అనుమతి. 'రాత్రికి వాన రావచ్చు' అన్నప్పుడు అవకాశం. ఏది ఏదో సందర్భమే చెబుతుంది. హెచ్చరికకూ, ఆశకూ కూడా ఇదే మాట. పక్షవాతంతో మాట పడిపోయిన వారిని గురించి 'హిజ్ స్పీచ్ మే కమ్ బ్యాక్' అన్నప్పుడు అది ఆశ.

కాలభేదాన్ని కూడా గమనించాలి. 'ద ఫీవర్ మే రిటర్న్' అంటే జ్వరం ఇకముందు తిరిగి రావచ్చని. 'ద ఫీవర్ మే హ్యావ్ రిటర్న్‌డ్' అంటే ఇప్పటికే తిరిగి వచ్చి ఉండవచ్చని. మొదటిది విన్నవారు కనిపెట్టి ఉండాలి. రెండవది విన్నవారు వెంటనే ఒళ్ళు పట్టి చూడాలి.

మనలో చాలామంది 'రిటర్న్ బ్యాక్' అని రాస్తుంటారు. 'రిటర్న్' అనే మాటలోనే తిరిగి రావడం ఉంది గనుక 'బ్యాక్' అనవసరం. జబ్బు తిరగబెట్టడాన్ని వైద్యులు 'రికర్' అని కూడా రాస్తారు.

రేపటి మాట చెప్పేటప్పుడు 'ఇన్‌షా అల్లాహ్' అనుకునే కుటుంబాలు మనవి. తెలియని దానిని తెలిసినట్లు చెప్పకూడదన్న జాగ్రత్త మనకు కొత్త కాదు. మంచం మీది నాన్నమ్మకు కాగితం చదివి వినిపించే పిల్లలకు ఆ జాగ్రత్తనే నేర్పుదాం. లేని భయమూ, లేని భరోసా కలపక, ఉన్నదున్నట్లు చెప్పడమే ఆమెకు మేలు.